కొండగుర్తుల దారి

సిద్దిపేట జిల్లాలో సాగరాలకు కొదవ లేదు. రంగనాయక సాగర్, కొండపోచమ్మ సాగర్, మల్లన్న సాగర్. ఈ మూడు జలాశయాలూ 2020, 2022 మధ్య జనం కళ్లముందు నీళ్లు చేరినవే. చెరువును సముద్రమని పిలుచుకోవడం కూడా తెలంగాణకు ఎప్పటినుంచో అలవాటే. అసలు సముద్రం మాత్రం ఇక్కడికి మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. రేవు, లంగరు, చుక్కాని అన్నవి ఇక్కడ పుస్తకాల్లో కనిపించే మాటలే తప్ప చేతితో ముట్టుకున్న వస్తువులు కావు. అయినా తెలుగు తీరానికి వచ్చే ఓడలకు రాతిమీద చెక్కి ఇచ్చిన పేరుమోసిన హామీ సముద్రపొడ్డు నుంచి రాలేదు, ఓరుగల్లు నుంచి వెళ్లింది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల 2016 దాకా వరంగల్ జిల్లాదే. ఆ మెట్టనేలలను ఏలిన కాకతీయ రాజు గణపతిదేవుడే మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఒక పల్లె. అక్కడి వీరభద్రస్వామి గుడిలోని శిలాస్తంభంపై ఉన్న శాసనం కాలం 1244–45. అంతకుముందు రాజులు ఏం చేసేవారో అందులో దాపరికం లేకుండా రాశారు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతున్న ఓడ గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సర్వం రాజు సొంతమయ్యేవి. తుఫాను మిగిల్చిన దాన్ని ఒడ్డు దోచుకునేదన్నమాట. గణపతిదేవుడు ఆ పద్ధతి మాన్పించాడు. వర్తకుడు ప్రాణాలకు తెగించి సముద్రం మీదికి వస్తాడు కాబట్టి సరుకు అతనిదే, మాకు న్యాయమైన సుంకం చాలు అన్నాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, రాగి, పట్టు, మిరియాలు ఇలా వరుసగా సరుకుల పేర్లూ వేశారు. ఆ శతాబ్దం చివర్లో ఇటు వచ్చిన మార్కో పోలో ఈ దేశాన్ని ముత్ఫిలి అని రాసుకున్నాడు. ఒక రేవు పేరే రాజ్యం పేరైపోయింది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు.

ఓడకు నడిసముద్రంలో కంటే ఒడ్డు దగ్గరే భయమెక్కువ. లోతున్నచోట గాలి ఎటు తోస్తే అటు కొంతదూరం పోయినా మళ్లీ దారిలోకి రావచ్చు. ఒడ్డు దగ్గర ఇసుక మేట ఉంటుంది, నీటికింద బండ ఉంటుంది, అడ్డంగా లాగే ప్రవాహం ఉంటుంది. తప్పు దిద్దుకోవడానికి చోటుండదు. పైగా తెలుగు తీరం చాలావరకు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఓడ చొరబడి తలదాచుకునే లోతైన మలుపులు దాదాపు లేవు. అందుకే ఇక్కడి రేవుల చరిత్రంతా ఆ చివరి రెండు మూడు మైళ్లను దాటించడం గురించే.

గోల్కొండ కాలానికి మోటుపల్లి వైభవం మచిలీపట్నానికి మారింది. ఇంగ్లిష్ కంపెనీ ఓడ గ్లోబ్ 1611లో అక్కడికి చేరింది. అంతకు కొన్నేళ్ల ముందే డచ్చివాళ్లు వచ్చి కూర్చున్నారు. తీరం నుంచి అద్దకపు బట్టలు, తెలంగాణ లోపలి నుంచి ఉక్కు ఓడలెక్కి పర్షియాకు పోయేవి. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఆ ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు ఆ ఊరికే వచ్చి కూర్చునేవారు. ఊరి పేరులో సముద్రం ఉంది, సరుకు మాత్రం సముద్రానికి ఎన్నో రోజుల బండి ప్రయాణం దూరంలో ఉంది.

ఇంతా చేసి మచిలీపట్నం రేవుకు లోతు లేదు. పెద్ద ఓడలు ఒడ్డుకు కొన్ని మైళ్ల అవతలే లంగరు వేసేవి. అక్కడి నుంచి సరుకూ మనుషులూ పడవల్లోకి దిగాల్సిందే. కోరమాండల్ తీరమంతటా అలల మీద ఈ పని చేసిన పడవకు మసూలా అని పేరు. దానికి ఇనుప మేకు ఒక్కటి కూడా ఉండేది కాదు. పలకలకు బెజ్జాలు పెట్టి కొబ్బరి తాడుతో కుట్టేసేవారు. బిర్రుగా మేకులు కొట్టిన యూరప్ పడవ ఒడ్డు దగ్గర అల దెబ్బకు పగిలిపోయేది. కుట్టు పడవ మాత్రం అల కొట్టినప్పుడు కాస్త వంగి, మళ్లీ సర్దుకునేది. వెనక నిలబడిన తండేలు అలలను లెక్కపెట్టుకుంటూ, ఏ రెండింటి మధ్య సందు దొరుకుతుందో చూసి తెడ్లు వేయమని కేకేసేవాడు. అంత పెద్ద ఓడలో వచ్చిన కెప్టెను, ఆ పావుగంట మాత్రం అతని మాట మీద బతకాల్సిందే.

కాలం కూడా కలిసిరావాలి. ఈశాన్య గాలులు మొదలయ్యే వేళకు, అంటే అక్టోబరు నడిమికల్లా, ఓడలు ఈ తీరం వదిలి పోవడం వాడుక. అప్పటి తుఫానులకు లంగరు నిలవదు. ఆ రోజుల్లో ఓడలోనే కాదు, ఊళ్లో ఉన్నా గ్యారంటీ లేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన మచిలీపట్నంలో దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది.

సిద్దిపేట వైపు నుంచి పారే కూడవెల్లి వాగు మానేరులో కలుస్తుంది, మానేరు గోదావరిలో కలుస్తుంది. ఆ నీటితోపాటు పోయే మట్టి ఎక్కడికి చేరుతుందో కోరంగి చూస్తే తెలుస్తుంది. గౌతమీ పాయ దగ్గరి ఈ రేవులో ఒకప్పుడు ఓడలు కట్టేవారు, బాగుచేసేవారు. ఇక్కడి నుంచి బర్మాకు పోయినవాళ్లు ఎంతమందంటే, అక్కడ తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచేవారు. 1789లో వరసగా వచ్చిన మూడు పెద్ద అలలు ఊరిని ముంచాయి. 1839 నవంబరు తుఫానుతో మళ్లీ నేలమట్టమైంది. ఉప్పెన చేయగా మిగిలిన పని గోదావరి మట్టి చేసింది. ఏటేటా మేట వేసి కాలువను పూడ్చింది. అదే మట్టీ ఇసుకా పేరుకుని కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ అయ్యింది. ఆ దీవి చాటున అలల ఉధృతి తగ్గి, కాకినాడ దగ్గర ఓడలు లంగరు వేసి నిలబడే చోటు ఏర్పడింది. ఒక రేవును చంపిన మట్టే పక్క రేవుకు గొడుగు పట్టింది.

దారి తప్పకుండా చూసుకోవడానికి తెలుగువాళ్లకు ఒక చక్కని మాట ఉంది, కొండగుర్తు. కొమురవెల్లికి నడిచి వెళ్లేవాడికీ, భీమిలి జాలరికీ ఆ మాట ఒకటే. జాలరి చేసేది చిన్న లెక్క. ఒడ్డున ఒక గుడిశిఖరాన్ని దాని వెనకున్న కొండతో ఒకే వరసలోకి తెచ్చుకుంటాడు. ఇంకో పక్క ఒక చెట్టును మరో కొండతో కలుపుతాడు. రెండు గీతలు కలిసిన చోటు అతని వేట చోటు, లేదా తప్పుకోవాల్సిన బండ. పెద్ద పెద్ద రేవుల్లో రాత్రిపూట ఒకదాని వెనక ఒకటి వెలిగే దారి దీపాలదీ ఇదే సూత్రం. రెండు దీపాలు ఒకదానిమీద ఒకటి నిలిచి కనిపిస్తే ఓడ కాలువ నడిమధ్యలో ఉన్నట్టు, పక్కకు జరిగితే తప్పుతున్నట్టు.

ఈ గుర్తులను పట్టించుకోవడం సర్కారు పనిగా మారింది కంపెనీ రోజుల్లో. భీమిలికి వచ్చే ఓడలను ఒడ్డుకు దూరంగా, నీటి మాటున ఉన్న శాంతపిల్లి బండలు భయపెట్టేవి. వాటి గురించి హెచ్చరించడానికి 1847లో శాంతపిల్లి కొండమీద దీపస్తంభం నిలిపారు. విశాఖలో ఆ పని నమ్మకం కూడా చేసేది. కొండమీది ఇస్హాక్ మదీనా దర్గా ముందు నుంచి పోయే ఓడలు జెండాను మూడుసార్లు ఎత్తి దించి దండం పెట్టేవి. ప్రయాణం క్షేమంగా ముగిస్తే హిందూ ఓడ యజమానులు వెండితో చేసిన బుల్లి దోనెలను ఆ దర్గాకు సమర్పించుకునేవారు.

పైలట్ అనగానే ఇప్పుడు విమానమే గుర్తొస్తుంది కానీ, ఆ మాట ముందు ఓడలది. బంగాళంలో హుగ్లీ నది ఇసుక మేటలను దాటించడానికి ఈస్టిండియా కంపెనీ పదిహేడో శతాబ్దంలోనే ప్రత్యేకంగా పైలట్లను పెట్టుకుంది. 1694లో రాయల్ జేమ్స్ అండ్ మేరీ అనే ఓడను మింగిన మేటకు ఆ ఓడ పేరే స్థిరపడింది. తెలుగు తీరంలో ఇలాంటి ఇరుకు కాలువ, దానితోపాటు పైలట్ల కొలువు విశాఖపట్నంతో వచ్చాయి. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ప్రయాణికుల ఓడ జలదుర్గ కొత్త రేవులోకి ప్రవేశించింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు.

యారాడ కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చి డాల్ఫిన్ నోస్ అయిన చోట, దాని పక్కనుంచే కాలువ లోపలికి పోతుంది. తీరం వెంట ఉత్తరంగా కొట్టుకొచ్చే ఇసుక ఆ కాలువ నోటిని మూసేయకుండా ఇంజనీర్లు రెండు పాత ఓడలను అక్కడే ముంచి అడ్డుకట్టగా వాడుకున్నారు. వాటి పేర్లు జేనస్, వెలెడ్‌సన్. బతికున్న ఓడల దారి కోసం చచ్చిన ఓడలు కాపలా కాశాయి. 1976లో బయటి రేవు వచ్చేదాకా పెద్ద ఓడలు కూడా లోపలికి రావాలంటే ఈ ఇరుకు మలుపు తిరగాల్సిందే.

1908 నాటి ఇండియన్ పోర్ట్స్ చట్టం పైలట్ ఎక్కితే తప్ప రేవులోకి రాకూడదని నియమించిన చోట్ల 200 టన్నులు, ఆపైబడిన ఓడలకు అది తప్పనిసరి చేసింది. అందులో ఒక తమాషా కూడా ఉంది. ఓడను ఎలా తిప్పాలో చెప్పేది పైలటే అయినా, నష్టం జరిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఓడ కెప్టెను, యజమానీ. అందుకే ఓడను నడిపే గదిలో ఇద్దరూ పక్కపక్కనే నిలబడతారు. ఒకరికి ఓడ తెలుసు, ఇంకొకరికి నీళ్లు తెలుసు. పైలట్ రేవు బయట చిన్న పడవలో వచ్చి, కదులుతున్న ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన పట్టుకుని ఎక్కుతాడు. ఆ ఎక్కు 9 మీటర్లు దాటితే నిచ్చెన ఒక్కటే చాలదు, మెట్ల వరస కూడా దించాలని అంతర్జాతీయ నిబంధన. పైకి చేరాక అతని లెక్కలు వేరు. నిండా సరుకుతో ఉన్న పెద్ద ఓడకు బ్రేకులుండవు, ఆపాలంటే కిలోమీటర్ల ముందే అనుకోవాలి. లోతు తక్కువ నీటిలో వేగం పెంచితే ఓడ ఇంకాస్త కిందికి కుంగి అడుగు తగిలించుకుంటుంది. మరీ తగ్గిస్తే చుక్కాని మాట వినదు. ఈ రెంటి మధ్య వేగంలో నడుపుతూ, టగ్గులకు ఎప్పుడు లాగాలో ఎప్పుడు నెట్టాలో వైర్‌లెస్‌లో చెబుతూ పోతాడు.

1971 డిసెంబరు 3 రాత్రి, పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైన కొన్ని గంటలకే, భారత యుద్ధనౌక రాజ్‌పుత్ ఇదే విశాఖ కాలువలోంచి బయటికి బయల్దేరింది. పైలట్ ఓడమీదే ఉన్నాడు. వాడుక ప్రకారం కాలువ చివర నీటిమీద తేలే గుర్తు, బయటి బోయా దగ్గర ఓడ నెమ్మదించాలి, అక్కడ పైలట్ దిగాలి. కాలువ సగం దాటాక కెప్టెన్, లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్‌కు ఒక అనుమానం వచ్చింది. శత్రు జలాంతర్గామి మాటు వేసి ఉంటే, ఓడలన్నీ వేగం తగ్గించే చోటే కదా కాచుకుంటుంది? వెంటనే ఇంజన్లు ఆపించి, పైలట్‌ను అక్కడే పడవలోకి దింపేసి, పూర్తి వేగంతో బయటికి దూసుకుపోయాడు. కాసేపటికి అనుమానం కలిగిన చోట నీటిలోపల పేలే డెప్త్ చార్జీలు వదిలాడు. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఆ రాత్రే రేవు ముంగిట మునిగిపోయింది. తమ దాడికే మునిగిందని భారత నౌకాదళం, లోపలి పేలుడు వల్లో సొంత మందుపాతర వల్లో మునిగిందని పాకిస్తాన్ అంటాయి. అలల మీద తేలుతున్న లైఫ్ జాకెట్టును, ఇతర వస్తువులను ఏరుకొచ్చి నౌకాదళానికి అప్పగించింది మాత్రం కొండగుర్తులతో వేటకు పోయే విశాఖ జాలర్లే.