భద్రాచల శాసనసభా నియోజకవర్గము: దాని యెల్లలు, ప్రాతినిధ్యము

తెలంగాణ శాసనసభా నియోజకవర్గముల పట్టికలో 119వది, అనఁగా కడపటిది, భద్రాచలము. ఈ సంఖ్య దాని స్థితికిఁ దగియే యున్నది. ఏలయన నీ సీమ యే రాజ్యమునఁ జేరినను నారాజ్యపుఁ గొసననే యుండుచు వచ్చెను. కొసనున్న భూములకు నెల్లలు మాఱుట వింత గాదు. కాని యెల్ల మాఱినప్పుడు నేలతోపాటు వోటరు గూడ మాఱునా, వాని ప్రతినిధి గూడ మాఱునా యను ప్రశ్న యిచ్చటఁ బుట్టినంత తీవ్రముగా ననేక ప్రాంతములందుఁ బుట్టలేదు.

గోదావరి యెడమగట్టుననున్న యీ ప్రదేశము 1860 వఱకు నైజాము నేలుబడిలో నుండెను. ఆ యేఁటి సంధివలన నాంగ్లప్రభుత్వమునకు సంక్రమించి, సిరొంచ ముఖ్యస్థానముగాఁగల యెగువ గోదావరి జిల్లాలో భాగమై మధ్యపరగణాలలోఁ జేరెను. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను విడఁదీసి చెన్నపురి రాజధానియందలి గోదావరి జిల్లాకుఁ గలిపిరి. నూగూరు సీమ మాత్రము ఇరువదవ శతాబ్ది తొలి దశకమునఁగాని యిటు రాలేదు. ఈ మార్పులలో నొకదానియందైనను నచ్చటి కోయలను, కొండరెడ్లను సంప్రదించినట్లు కానరాదు. ఆకాలమునఁ బ్రజల నడుగు నాచారమే లేదు గనుక దీనికి నాశ్చర్యపడఁ బనిలేదు.

ప్రాతినిధ్యము సంగతి యింకను మెల్లగా నడచెను. ఏజెన్సీ ప్రాంతమగుటచే సాధారణ శాసనములు ఇచ్చటఁ బ్రత్యేక ప్రకటన లేక వర్తించెడివి కావు. 1935 నాఁటి భారత ప్రభుత్వ శాసనము ననుసరించి తూర్పుగోదావరి ఏజెన్సీ పాక్షికముగా మినహాయింపఁబడిన ప్రాంతమయ్యెను. ఆ శాసనముచే నేర్పడిన చెన్నపురి శాసనసభలో 215 స్థానములుండఁగా, వెనుకఁబడిన ప్రాంతములకును గిరిజనులకును గేటాయింపఁబడినది యొక్కటియే. అన్ని కొండలకు, అన్ని తెగలకు నొక్కఁడే ప్రతినిధి! వయోజనులందఱకు వోటుహక్కు రాజ్యాంగము వచ్చినపిదపఁగాని కలుగలేదు.

1953లో నాంధ్రరాష్ట్ర మేర్పడఁగా భద్రాచలము దానిలోనికి వచ్చెను. 1955 ఎన్నికలలో నిచ్చటివారు వోటు చేసిరి. 1956లో ఆంధ్రప్రదేశ మవతరించినపిదప, 1957లో తెలంగాణ ప్రాంతమునకు మాత్రమే శాసనసభ యెన్నికలు జరిగెను. ఆంధ్రప్రాంత సభ్యులు 1962 వఱకుఁ గొనసాగిరి. ఈ నడుమ 1959లో భద్రాచలము, వెంకటాపురము తాలూకాలను తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకు మార్చిరి. అనఁగా ఆంధ్రప్రాంతమున నెన్నికైన సభ్యుని సీమ యాతని పదవీకాలము ముగియకమునుపే తెలంగాణ జిల్లాలోఁ జేరెను. అయినను రాష్ట్రము, శాసనసభ యొక్కటియే కాఁబట్టి యప్పుడు ప్రజలకు నష్టమేమియుఁ గలుగలేదు. ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. 2014లో జరిగినది దీనికిఁ గేవలము భిన్నము.

గిరిజనులకుఁ బ్రత్యేకింపఁబడిన యీ స్థానమును 1978 మొదలు 2004 వఱకు జరిగిన యేడెన్నికలలోను మార్క్సిస్టు కమ్యూనిస్టు పక్షమువారే గెలుచుకొనిరి. ముర్ల ఎఱ్ఱయ్యరెడ్డి రెండుమాఱులు, కుంజా బొజ్జి 1985, 1989, 1994లందు మూఁడుమాఱులు, సున్నం రాజయ్య 1999, 2004లందు నెన్నికైరి. బొజ్జి సైకిలుమీఁద గూడెములు తిరుగుటయు, రాజయ్య బస్సులో హైదరాబాదు చేరి యాటోలో శాసనసభకుఁ బోవుటయుఁ బ్రసిద్ధములు. ఇట్టి నిరాడంబరతను కొందఱు వింతగాఁ జెప్పుకొందురు గాని, తమవలెనే బ్రదుకు ప్రతినిధిని గూడెములవారు కోరుట వింతగాదు. 2009లోఁ గాంగ్రెసు పక్షమున కుంజా సత్యవతి గెలిచెను. నాఁటి పునర్విభజన ప్రకారము వాజేడు, వెంకటాపురము, చర్ల, దుమ్ముగూడెము, భద్రాచలము, కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము అను నెనిమిది మండలము లిందుండెను.

2014 ఏప్రిలు 30న నీ యెనిమిది మండలములవారును తెలంగాణ శాసనసభకు వోటు చేసిరి. మే 16న ఫలితములు వెలువడఁగా రాజయ్య మూఁడవమాఱు గెలిచి, తెలంగాణ తొలిసభలోఁ దన పక్షమున కేకైక సభ్యుఁడయ్యెను. పదుమూఁడు దినములు గడచినంతనే, మే 29న, పోలవరపు ముంపును బురస్కరించుకొని కేంద్రప్రభుత్వ మత్యవసర శాసనము జారీచేసెను. దానివలనను, జులైలోఁ బార్లమెంటు చేసిన సవరణ శాసనమువలనను చింతూరు, కూనవరము, వరరామచంద్రపురము మండలములును, భద్రాచల గ్రామము తప్ప తన్మండలమంతయు నాంధ్రప్రదేశమునకుఁ బోయెను. మునుపటి శాసనమున ముంపుగ్రామములే చేర్పఁబడియుండఁగా, సవరణచే మండలములే తరలినవి. కుకునూరు, వేలేరుపాడు మొదలగునవి యితర నియోజకవర్గములవి గనుక నిచ్చట విస్తరింపఁ బనిలేదు.

ఫలిత మేమన: ఈ మండలములవా రెన్నుకొన్న సభ్యుఁడు హైదరాబాదున నొక సభలోఁ గూర్చుండెను, వారిని బాలించు ప్రభుత్వము మఱియొక సభకు బాధ్యమై యుండెను. ముంపు, పరిహారము, పునరావాసము అను వారి ప్రాణసమస్యలు చర్చకు వచ్చు సభలో, 2019 ఎన్నికలదాఁక నించుమించుగా నైదేండ్లు, వారెన్నుకొన్న సభ్యుఁ డొక్కఁడును లేఁడు. రాజయ్య స్వగ్రామము సైతము వరరామచంద్రపుర మండలములోనిదే యగుటచే, తెలంగాణ శాసనసభ్యుని యిల్లు ఆంధ్రప్రదేశమున నుండెను. గ్రామములను మార్చు శాసనమును ద్వరితముగాఁ జేసినవారు, ప్రాతినిధ్యమునకు వలయు నేర్పాటును నంతే త్వరితముగాఁ జేయకుండుట దోషమని చెప్పక తప్పదు.

2019లో నీ మండలములు రంపచోడవరము నియోజకవర్గమున భాగములై వోటు చేసినవి. అందు రాజయ్యయు నిలిచి యోడిపోయెను. మఱుసటి యేఁడు ఆగస్టులో కోవిడు వ్యాధిచేఁ బరమపదించెను. 2022 ఏప్రిలులో నవి క్రొత్తగా నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోఁ జేరెను. ఆ జులైలో గోదావరి భద్రాచలమువద్ద 71 అడుగులు దాఁటి ప్రవహింపఁగా, పట్టణమునకుఁ జేరువనున్న యేటపాక, పురుషోత్తపట్టణము, గుండాల, కన్నాయిగూడెము, పిచుకలపాడు అను నైదు గ్రామములను మరల తెలంగాణలోఁ గలుపవలెనను కోరిక బలపడెను. రామాలయము తెలంగాణలో నుండఁగా దానికిఁ జెందిన పురుషోత్తపట్టణపు భూములు ఆంధ్రప్రదేశమునఁ జిక్కుకొనినవి.

ఇటు మిగిలిన భద్రాచల నియోజకవర్గము భద్రాచలము, దుమ్ముగూడెము, చర్ల, వెంకటాపురము, వాజేడు అను నైదు మండలములతో 2018లోఁ బొదెం వీరయ్యను, 2023లోఁ దెల్లం వెంకటరావును నెన్నుకొనెను. కడపటి రెండు మండలములును 2019లో ములుగు జిల్లాలోఁ జేరెను.