గుంటూరు నుంచి శ్రీరంగపట్నం చెరలోకి

శ్రీరంగపట్నంలోని దరియా దౌలత్ బాగ్ పడమటి గోడ నిండా ఒక యుద్ధం పరుచుకుని ఉంటుంది. ఎర్రకోట్ల బారుల నడుమ పల్లకిలో కూర్చున్న దొర కల్నల్ విలియం బెయిలీ. ఆ సేన బయల్దేరింది మన గుంటూరు నుంచి.

1779లో నిజాం సోదరుడు బసాలత్ జంగ్ గుంటూరు సర్కారును ఈస్టిండియా కంపెనీకి కౌలుకిచ్చాడు. అది నిజాముకూ, మైసూరు హైదర్ అలీకీ కూడా కంటగింపైంది. మరుసటేడు హైదర్ ఆర్కాటు సీమ మీద పడ్డాడు. కంచి దగ్గర కంపెనీ సేనాని మన్రో సేనతో కలవమని బెయిలీకి కబురొచ్చింది. దాదాపు 2,800 మందితో కదిలాడు. ఎక్కువమంది సిపాయిలే. అప్పట్లో తెలుగు కోస్తా కుర్రాళ్లు కంపెనీ పటాలాల్లో ఎంతగా చేరారంటే, ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అన్నదే పేరైపోయింది.

ఆగస్టు 25న కుశస్థలి నదిని చేరారు. నీళ్లు తక్కువగానే ఉన్నాయి. అయినా బెయిలీ ఈవలి గట్టునే విడిది చేశాడు. ఆ రాత్రే వరద! సెప్టెంబరు దాకా దాటలేకపోయారు. ఆ ఒక్క రాత్రి విడిది ఎన్ని కొంపలు ముంచిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మన్రో పంపిన ఫ్లెచర్ వెయ్యిమందితో వచ్చి కలిసినా, సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర హైదర్, అతని కొడుకు టిప్పు చుట్టుముట్టారు. మందుగుండు బండ్లు పేలిపోయాయి. కొద్ది మైళ్ల దూరంలోనే ఉన్న మన్రో ఆదుకోలేదు. పెద్ద ఫిరంగులను కంచి కోనేటిలో పడేసి వెనక్కి మళ్లాడు.

బతికినవాళ్లకు సంకెళ్లే గతి. బెయిలీ 1782 నవంబరులో శ్రీరంగపట్నం చెరలోనే కన్నుమూశాడు. బెయిలీతోపాటు పట్టుబడి, 1784 మంగుళూరు సంధితో విడుదలైన డేవిడ్ బెయిర్డ్, 1799లో అదే కోట మీదికి సేనను నడిపించాడు. బెయిలీకి అక్కడ స్మారకం ఉంది, బెయిర్డుకు కీర్తి ఉంది. సిపాయిల పేర్లు మాత్రం గోడ మీదా లేవు, రాతి మీదా లేవు. గుంటూరు సీమలో వాళ్ల కోసం ఎదురుచూసిన ఇళ్ల మాట ఏ దొరా రాయలేదు.

అయితే ఒక్క సంగతి మాత్రం చరిత్రకెక్కింది. ఆ యుద్ధాల కాలంలో ఖైదీలను నడిపించుకెళ్లే దారిలో, దొరలకు దూరంగా ఉంచిన సిపాయిలు రాత్రివేళ చెరువు ఈది, కాపలావాళ్ల కన్నుగప్పి, తాము కూడబెట్టుకున్న కాస్త డబ్బూ తెచ్చి తమ అధికారుల చేతుల్లో పెట్టేవాళ్లట. మేం ఏం తినైనా బతుకుతాం, మీకు మాంసం కావాలి కదా అని.