నక్షత్రాల లెక్క

తాగుడు గురించి మన కథకులు చాలా రాశారు. ఆ కథల్లో తాగేవాడు కల్లుపాకలో కనబడతాడు, లేదా సారాకొట్టు ముందు దొర్లుతుంటాడు. తివాచీ పరిచిన హోటల్లో గ్లాసు పట్టుకున్నవాణ్ణి తాగుబోతు అని పిలిచిన కథలు తక్కువ. ఈ చూపు కథకుల కొక్కరికే సొంతం కాదు. హోటళ్ళలో మద్యం అమ్మకానికి ప్రభుత్వాలిచ్చే లైసెన్సుల చరిత్ర నిండా ఇదే చూపు పరచుకుని ఉంది.

1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం ప్రజలను తాగవద్దంది. విదేశీయులకు పర్మిట్లిచ్చింది, సైనికుల మెస్సులను మినహాయించింది. బల్సారా అనే పౌరుడు ఈ చట్టాన్ని సవాలు చేస్తే, సైనికులకిచ్చిన మినహాయింపులో వివక్ష లేదని 1951లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత బొంబాయి బార్ల ముందు వేలాడిన 'పర్మిట్ రూమ్' బోర్డులు ఈ చట్టం సంతానమే.

ఈ తర్కం పూర్తిగా బట్టబయలైంది 2014లో, కేరళలో. ప్రమాణాలు లేవంటూ మొదట 418 బార్ల లైసెన్సులను పునరుద్ధరించలేదు. ఆగస్టులో ఊమెన్ చాందీ ప్రభుత్వం ఇంకా ముందుకు వెళ్ళి, అయిదు నక్షత్రాల హోటళ్ళలో తప్ప మరెక్కడా బారు ఉండరాదంది. ఈ నక్షత్రాలు ఎవరిస్తారు? కేంద్ర పర్యాటక శాఖ. ఏం చూసి ఇస్తారు? గది కొలతలు, స్నానాలగది, వంటగది, లిఫ్టు. లిఫ్టు ఉన్నచోట తాగితే కాలేయం చెడదని ఏ వైద్యుడూ చెప్పలేదు.

హోటళ్ళ యజమానులు కోర్టుకెక్కారు. (వారి మీద నాకు ప్రత్యేకమైన జాలి ఏమీ లేదు.) 2015 డిసెంబరు 29న సుప్రీంకోర్టు ప్రభుత్వ విధానాన్నే సమర్థించింది. పర్యాటకం ఒక కారణం. రెండోది మరీ ఆలోచించదగ్గది: అయిదు నక్షత్రాల హోటలు ధరలే మనిషిని తాగుడు నుంచి వెనక్కి లాగుతాయట! సంఘసంస్కర్త పాత్రను ధరల పట్టికకు అప్పగించారన్నమాట. ఇంతకూ ఆ రాష్ట్రంలో ప్రభుత్వ మద్యం దుకాణాల ముందు క్యూలు ఆగిపోలేదు. నిషేధానికి గురైంది తాగడం కాదు, సామాన్యుడు కుర్చీలో కూర్చుని తాగడం. బార్లలో వడ్డించినవాళ్ళు, గ్లాసులు కడిగినవాళ్ళు వీధిన పడ్డారు. 2017 జూలైలో, తర్వాతి ప్రభుత్వం మూడు నక్షత్రాల దాకా దిగివచ్చింది.

ఇదంతా చెప్పి మద్యానికి వకాల్తా పుచ్చుకుంటున్నానని పాఠకులు అనుకోవద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించిన స్త్రీలు ఇంట్లో పొయ్యి వెలగడం కోసం పోరాడారు. ఆ పోరాటం న్యాయమైనది. చూడవలసింది దానికి ప్రభుత్వాలిచ్చిన జవాబును. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా పోయింది సారా ఒక్కటే, బార్లు సాగాయి. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చాక గానీ వాటికి తాళాలు పడలేదు. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఆ నిషేధాన్ని సడలించింది. బార్లు మళ్ళీ తెరుచుకున్నాయి. సారా మీద నిషేధం మాత్రం అలాగే ఉండిపోయింది. ఒకప్పుడు సారా తాగిన కూలీ, అంతకంటే ఎక్కువ డబ్బు పెట్టి వైన్ షాపులో క్వార్టరు సీసా కొనుక్కోవలసి వచ్చింది.