వేళ్ళు ఎందుకు పోయాయి? రాయేలూరులో దొరికిన జవాబు



మన సంఘం నియమావళిని మళ్ళీ అచ్చు వేయిద్దామని పోయిన నెల పాత పుస్తకం బయటికి తీశాము. సభ్యత్వానికి ఎవరు అనర్హులో చెప్పే చోట, దివాలా తీసినవారు, జైలుశిక్ష పడినవారు అన్న వరుసలోనే "కుష్ఠురోగులు" అన్న మాట కూడా ఉంది. తాతల కాలంలో రాసిన మాట. ఇన్నేళ్ళలో మాలో ఎవరమూ దాన్ని పట్టించుకోలేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ మాట తీసేయాలని తీర్మానం పెడుతున్నాము. ఒకరిద్దరు పెద్దలు మాత్రం, "ఇప్పుడా జబ్బే లేదు కదా, ఆ మాట ఉంటే ఏం, పోతే ఏం?" అన్నారు. వారికి జవాబుగానే ఇది రాస్తున్నాము. ఎందుకంటే, ఆ మాట వెనక ఉన్న భయం తప్పని చూపించిన పరిశోధనలో పెద్ద భాగం మన ఊళ్ళోనే జరిగింది.

మన ఇళ్ళలో ముసలివాళ్ళు వేలూరును ఇప్పటికీ రాయేలూరు అనే అంటారు. 1911 దాకా ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. ఆ ఏడు చిత్తూరు వేరే జిల్లా అయింది, వేలూరు ఇటు మిగిలింది. గీత మారినా రాకపోకలు మారలేదు. పెద్ద జబ్బు చేస్తే రాయేలూరుకు పోవడం చిత్తూరు పల్లెలకు నేటికీ అలవాటే. ఆ రోజుల్లో ఈ ప్రాంతంలో కుష్ఠు చాలా ఎక్కువ. పేరు పలకడానికే భయపడి మనవాళ్ళు "పెద్దరోగం" అనేవారు. పెరట్లో వేరే గది, వేరే పళ్ళెం, పెళ్ళిళ్ళకు పిలుపు లేకపోవడం. ఇవి ఏ ఊరి కథలో కావు, మన వీధుల్లోనివే.

అప్పట్లో అందరూ నమ్మింది ఒకటే: ఈ జబ్బులో మాంసం కుళ్ళి, వేళ్ళు వాటంతటవే రాలిపోతాయని. ఊరివాళ్ళే కాదు, డాక్టర్లూ అలాగే అనుకునేవారు. నార్వేలో హాన్సెన్ 1873లోనే ఈ జబ్బుకు కారణమైన సూక్ష్మజీవిని చూశాడు. అయినా చేతులు ఎందుకు పాడవుతాయన్న ప్రశ్నను పట్టుకున్నవారు లేరు. ఎలాగూ కుళ్ళిపోయే చేతికి ఆపరేషన్ ఎందుకని ఎముకల డాక్టర్లు అటు వైపు రాలేదు.

1946లో పాల్ బ్రాండ్ అనే యువ సర్జన్ వేలూరు సి.ఎం.సి.కి వచ్చాడు. తల్లిదండ్రులు మిషనరీలు, పుట్టింది 1914లో, మన కొల్లిమలల్లో. మరుసటి ఏడు చెంగల్పట్టు కుష్ఠు ఆస్పత్రికి వెళ్ళాడు. అక్కడి పెద్ద డాక్టరు రాబర్ట్ కాక్రేన్ ఈ జబ్బు తెలిసినవాడు, కొత్తగా వచ్చిన సల్ఫోన్ మందులు వాడుతున్నవాడు. ఇంతమంది చేతులు వంకరపోయి ఉంటే ఒక్క ఎముకల డాక్టరైనా వీటిని ఎందుకు చూడడని ఆయన బాధ. ఆ రోజు బ్రాండ్ ఒక రోగి చేతిలో చేయి పెట్టి, గట్టిగా పట్టుకోమన్నాడు. వేళ్ళు గద్ద కాలిలా ముడుచుకుపోయిన చెయ్యి అది. కానీ ఆ పట్టుకు బ్రాండ్‌కు నొప్పి పుట్టింది. కుళ్ళిపోయిన చేతికి అంత బలం ఎక్కడిది? అంటే ఆ చేతిలో మంచి కండలు ఇంకా ఉన్నాయన్నమాట.

అక్కడినుంచి పని మొదలైంది. చనిపోయిన రోగుల చేతులూ కాళ్ళూ కోసి, నరాలను పొడుగునా చూశారు. నరం అంతా ఒకేలా చెడలేదు. మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర, మోకాలి పక్కన, చీలమండ దగ్గర వాచి ఉంది. అవన్నీ నరం చర్మానికి దగ్గరగా వచ్చే చోట్లు, ఒంట్లో మిగతా చోట్లకంటే చల్లగా ఉండేవి. ఈ సూక్ష్మజీవికి చల్లదనం కావాలి. అందుకే అరచేతిలోని చిన్న కండలు చచ్చుబడతాయి, ముంజేతి కండల్లో చాలావాటికి ఏమీ కాదు.

దానితో ఆపరేషన్‌కు దారి దొరికింది. కండను ఎముకకు కట్టి ఉంచే తాడులాంటిది స్నాయువు. వేలిని ముడవడానికి ఒక్కొక్క వేలికి రెండేసి స్నాయువులు ఉంటాయి, ఒకటి పోయినా వేలు ముడుచుకుంటుంది. కాబట్టి ఒకదాన్ని తీసి, పాయలుగా చీల్చి, చచ్చుబడిన కండల పని చేసేలా వేళ్ళకు కుట్టవచ్చు. పోలియో వచ్చిన చేతులకూ యుద్ధంలో దెబ్బతిన్న చేతులకూ ఇలాంటి ఆపరేషన్లు అప్పటికే ఉన్నాయి. కుష్ఠు చేతికి చేసే ధైర్యం ఎవరికీ రాలేదు. వేలూరులో 1948లో మొదలుపెట్టారు. గాయం మామూలుగానే మానింది. కుళ్ళిన మాంసం అనుకున్నది మంచి మాంసమే అని తేలింది. 1952లో బ్రాండ్ లండన్ సర్జన్ల కాలేజీలో దీనిమీదే ప్రసంగించాడు.

ఇక అసలు ప్రశ్న మిగిలింది. వేళ్ళు ఎలా పోతున్నాయి? ఆపరేషన్ అయినవాళ్ళు చేతిపనులు నేర్చుకోవడానికి ఆస్పత్రివాళ్ళు నవజీవనగర్ అని చిన్న పల్లె కట్టారు. ఎందుకంటే చేయి బాగుపడితే అడుక్కుంటే పైసా రాలదు, పని ఇచ్చేవాడూ ఉండడు. అక్కడ రోజూ ప్రతి ఒక్కరి చేతులూ చూసి, ప్రతి గాయానికీ కారణం వెతికారు. ఒకరు వేడి గిన్నె పట్టుకున్నారు, ఒకరు సుత్తి పిడిని అవసరానికి మించి నొక్కారు, ఒకరికి దీపం చెయ్యి కాల్చింది. వాళ్ళకు నొప్పి తెలియదు కాబట్టి ఏదీ తెలియలేదు. కొందరికి రాత్రి పడుకునేటప్పుడు ఉన్న వేలిముక్క తెల్లారేసరికి లేదు. జబ్బే తినేసిందని అందరూ అనుకున్నది దాన్నే. రాత్రి కాపలా కాసి చూస్తే, నిద్రలో ఉన్నవాళ్ళ వేళ్ళను ఎలుకలు కొరుకుతున్నాయి. వాళ్ళకు మెలకువ రావడం లేదు. ఆ తరువాత ఇంటికొక పిల్లిని ఇచ్చారు.

ఈ ఒక్క సంగతి మన నియమావళి ముందు పెట్టి చూడండి. వేళ్ళు రాలడం పాపం పండడం కాదు, ఒళ్ళు కుళ్ళడం కాదు. చాలావరకు అది నొప్పి తెలియనివాడికి తగిలిన దెబ్బ, దానికి పట్టిన చీము. దెబ్బను ఆపితే వేలు మిగులుతుంది. పెరటి గదిలో ఒంటరిగా పడుకోబెట్టినవాళ్ళ వేళ్ళను ఎవరు చూశారు? వాళ్ళను కాపాడడానికి కావలసింది పక్కన ఒక మనిషి. మనం తీసేసింది ఆ మనిషినే.

1955లో వేలూరు పక్కనే కరిగిరిలో షెఫలిన్ పేరుతో కుష్ఠు పరిశోధన ఆస్పత్రి వచ్చింది. 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన సి.ఎం.సి. డాక్టరు మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు చేతులకు ఆపరేషన్లు చేసింది.

ఆపరేషన్ చేతిని నిలబెడుతుంది గానీ జబ్బును తీయదు. దానికి ల్యాబ్ కావాలి. అక్కడ పెద్ద చిక్కు. ఈ సూక్ష్మజీవి గాజు పాత్రలో పెరగదు, ఇప్పటికీ పెరగదు. పెంచలేనిదాని మీద మందును పరీక్షించడం ఎలా? 1960లో అమెరికాలో షెపర్డ్ చిట్టెలుక అరికాలిలో దాన్ని పెంచి చూపించాడు. అరికాలు చల్లగా ఉండే చోటు. వేలూరులో నరాలు చెప్పిన సంగతితో ఇదీ కలుస్తుంది. ఆ పద్ధతితోనే, కొందరిలో డాప్సోన్ పనిచేయడం మానేసిందని 1964లో మలేసియా రోగుల్లో రుజువైంది. ఒక్క మందు చాలదని తేలాక, డాప్సోన్, రిఫాంపిసిన్, క్లోఫజిమిన్ కలిపి ఇచ్చే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980ల మొదట్లో సిఫారసు చేసింది. ఇప్పుడు జబ్బు రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో మింగితే చాలు. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం. మందు మొదలైన కొద్ది రోజులకే ఆ మనిషినుంచి ఇంకొకరికి అంటడం ఆగిపోతుంది.

ఆ పాఠం కుష్ఠుతో ఆగలేదు. బ్రాండ్ 1966లో అమెరికా వెళ్ళి, అరికాలి పుండ్లను పిండికట్టుతో మాన్పే పద్ధతిని అక్కడి పనిలో కొనసాగించాడు. అదే తరువాత చక్కెర జబ్బువాళ్ళ కాళ్ళకూ పనికొచ్చింది. వాళ్ళకూ నరాలు చెడి నొప్పి తెలియదు. మన సంఘంలో షుగరు లేని ఇల్లు ఎన్ని? రాత్రి పడుకునే ముందు అరికాలు చూసుకొమ్మని మీ డాక్టరు చెబుతున్నాడంటే, అది ఈ నవజీవనగర్ నేర్పిన పాఠంలాంటిదే.

"ఇప్పుడా జబ్బే లేదు కదా" అన్న పెద్దలకు: 2005 చివరికి మన దేశంలో పదివేలమందికి ఒక్కరికంటే తగ్గింది, నిజమే. కానీ ఏటా సుమారు లక్షమంది కొత్త రోగులు ఇంకా బయటపడుతున్నారు. మొదట్లోనే వచ్చినవాళ్ళకు చెయ్యి చెడదు. దాచుకున్నవాళ్ళకు చెడుతుంది. దాచుకునేది మనలాంటివాళ్ళ మాటలకు భయపడే. కుష్ఠురోగులను బంధించడానికి 1898లో తెచ్చిన చట్టం 2016లో రద్దయింది. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు అడిగే వీలును 2019లో పార్లమెంటు తీసేసింది. దేశం తీసేసిన మాట, రాయేలూరు పక్కనే ఉండే మన పుస్తకంలో ఇంకా ఉంది.

తీర్మానానికి చేయి ఎత్తేటప్పుడు ఎవరి చేతికైనా ఒకసారి చూసుకోవాలనిపిస్తే మంచిదే. ఒంటిమీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే దాచకండి, ఆస్పత్రికి పోండి. ఒంటరిగా పోవడానికి బెదురు ఉంటే మాలో ఎవరికైనా చెప్పండి. తోడుగా వస్తాము.