‘ఆజాదీ’: అణుపరీక్షల నడుమ ఒక పాట

1997. ఉపఖండం స్వాతంత్ర్య స్వర్ణోత్సవాలు జరుపుకుంటున్న సంవత్సరం. పాకిస్తాన్‌కు చెందిన రాక్ బృందం ‘జునూన్’ ఆ ఏడాదే తన నాలుగో ఆల్బమ్‌ను వెలువరించింది. దాని పేరు ‘ఆజాదీ’. పాటను చూసి ప్రభుత్వాలు ఎందుకు కలవరపడతాయో గ్రహించాలంటే ఈ ఆల్బమ్ చరిత్రను తిరగేయాలి.

వైద్యవిద్య చదివిన గిటారిస్టు సల్మాన్ అహ్మద్ 1990లో లాహోర్‌లో ఈ బృందానికి అంకురార్పణ చేశారు. గాయకుడు అలీ అజ్మత్. బేస్ గిటార్ వాయించిన బ్రయాన్ ఓకానెల్ అమెరికన్. విద్యుత్ గిటార్ హోరును, తబలా నడకను, సూఫీ కవుల వేదనను వీరు ఒక్క గొంతుగా మలిచారు. ‘ఖుదీ’ పాటకు ఇక్బాల్ కవిత్వమే ఆధారం. ‘సయోనీ’ భారతీయ సంగీత ఛానెళ్లలో అగ్రస్థానానికి చేరింది. వీసా దొరకడమే గగనమైన సరిహద్దును ఆ పాట అవలీలగా దాటింది.

అధికారంతో ఘర్షణ ఈ బృందానికి కొత్త కాదు. 1996లో ‘ఎహ్తెసాబ్’ పాట పాలకుల నుంచి జవాబుదారీతనాన్ని కోరింది. ఖరీదైన హోటల్లో విందారగించే పోలో గుర్రం దాని వీడియోలో కనిపిస్తుంది. ఆ గుర్రం ఎవరి విలాసాలకు ప్రతీకో ప్రజలకు వివరించనక్కరలేకపోయింది. ప్రభుత్వం దాన్ని టెలివిజన్ నుంచి తప్పించింది.

అసలు పరీక్ష 1998 మే నెలలో ఎదురైంది. 11, 13 తేదీల్లో భారత్ పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిపింది. 28న పాకిస్తాన్ చాగై కొండల్లో బదులిచ్చింది. భారత పర్యటన సందర్భంగా సల్మాన్ అహ్మద్ ఈ పోటీని బహిరంగంగానే తప్పుపట్టారు. ప్రజలకు తాగునీరు, వైద్యం, చదువు అందించలేని నేతలకు అణ్వాయుధాలు ఎందుకన్నదే ఆయన ప్రశ్న సారాంశం. నవాజ్ షరీఫ్ ప్రభుత్వం దాన్ని దేశద్రోహంగా పరిగణించి, బృందాన్ని ప్రభుత్వ రేడియో, టెలివిజన్లలో నిషేధించింది. 1999 అక్టోబరులో షరీఫ్ పదవీచ్యుతుడయ్యాకే ఆ నిషేధం తొలగింది.

ఇందులోని వైపరీత్యం గమనార్హం. ఓట్లతో గెలిచిన ప్రభుత్వం ‘స్వేచ్ఛ’ను పాడినవారి నోరు నొక్కింది, బలప్రయోగంతో గద్దెనెక్కిన సైన్యాధిపతి ఏలుబడిలో వారికి ఊరట లభించింది. దీన్ని ముషారఫ్ ఔదార్యంగా కీర్తించనక్కరలేదు. రాజ్యాంగాన్ని పక్కన పెట్టిన పాలకుడికి ఉదారవాది ముసుగు అవసరం. అయితే ప్రజాప్రభుత్వాలు విమర్శను సహించలేనప్పుడు, ఆ ముసుగును నియంతలకు తామే కుట్టి ఇచ్చినట్లవుతుంది.

మన బాధ్యత మాటేమిటి? ‘సయోనీ’కి మనం చప్పట్లు కొట్టాం. ఆ గాయకులు సొంత ప్రభుత్వాన్ని నిలదీస్తే ముచ్చటపడ్డాం. వారి ప్రశ్న చాగైకి ఎంత వర్తిస్తుందో పోఖ్రాన్‌కూ అంతే వర్తిస్తుందన్న సంగతి మాత్రం మన చర్చల్లో పెద్దగా వినిపించలేదు. 2016లో ఉరీ దాడి తర్వాత ముంబయి నిర్మాతల సంఘం పాకిస్తానీ కళాకారులకు తలుపులు మూసింది. ఉగ్రవాదంపై ఆగ్రహం న్యాయమైనదే. కానీ తుపాకీ పట్టినవాడినీ, ఆ తుపాకీని ప్రశ్నించినవాడినీ ఒకే గాటన కట్టే దేశభక్తి చివరికి ఎవరికి మేలు చేస్తుంది?