కొట్టివేసిన మానవ హక్కుల ఫిర్యాదులపై అప్పీలు: సికింద్రాబాద్, హైదరాబాద్

మానవ హక్కుల కమిషన్‌కు ఇచ్చిన ఫిర్యాదును విచారణకు తీసుకోకుండానో, విచారించిన తర్వాతో కొట్టివేస్తే ఫిర్యాదుదారు ఎక్కడికి వెళ్లాలి? చిలకలగూడలో ఉండే మనిషికైనా, చార్మినార్ దగ్గర ఉండే మనిషికైనా జవాబు ఒకటే. చట్టంలో అప్పీలు లేదు. మానవ హక్కుల రక్షణ చట్టం, 1993ను మొదటి సెక్షన్ నుంచి చివరి సెక్షన్ దాకా చదివినా, కమిషన్ ఉత్తర్వుపై ఫలానా చోట ఫలానా గడువులోగా అప్పీలు చేసుకోవచ్చన్న వాక్యం దొరకదు. మిగిలిన దారి రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్. అందువల్ల జంటనగరాల్లో ఈ అప్పీళ్ల చరిత్ర రాయాలంటే అటు కమిషన్ చరిత్రనూ, ఇటు హైకోర్టు రిట్ అధికారాన్నీ కలిపే చెప్పుకోవాలి.

కొన్ని దేశాల్లో నగరాలకే సొంత హక్కుల కమిషన్లు ఉన్నాయి. న్యూయార్క్ నగర కమిషన్ ఫిర్యాదును కొట్టివేస్తే, ఫిర్యాదుదారు ముప్పై రోజుల్లోగా అదే కమిషన్ అధిపతికి పునఃపరిశీలన కోసం రాసుకోవచ్చు. అక్కడా కాదంటే కోర్టు ఉంటుంది. మన దగ్గర మునిసిపల్ కార్పొరేషన్‌కు అలాంటి అధికారం ఏనాడూ లేదు. 1960లో సికింద్రాబాద్ కార్పొరేషన్‌ను హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపినప్పుడు లేదు, 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఏర్పడినప్పుడూ రాలేదు. హక్కుల ఫిర్యాదు వినేది రాష్ట్ర కమిషన్, లేదా ఢిల్లీలోని జాతీయ కమిషన్.

చట్టం రాకముందు, వచ్చాక

కమిషన్లు లేని రోజుల్లో తెలుగువాళ్లకు పౌరహక్కుల సంఘాలూ, హైకోర్టూ మాత్రమే దిక్కు. అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు కేసు దీనికి గట్టి ఉదాహరణ. 1977 మేలో ఆ జైలు మీద బాంబులు వేసి ఒక ఖైదీని చంపారు. తమ ప్రాణాలకు ముప్పు ఉందని లోపలివాళ్లు ముందే మొరపెట్టుకున్నా కాపలా పెంచలేదు. నష్టపరిహారం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెబితే, సార్వభౌమాధికారం పేరుతో ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లి 2000లో ఓడిపోయింది. ఖైదీకీ జీవించే హక్కు ఉందని, ఆ హక్కు పోయినప్పుడు ప్రభుత్వం సార్వభౌమత్వం చాటున దాక్కోలేదని ఆ తీర్పుతో స్థిరపడింది. ఈ కేసులో కమిషన్ ప్రసక్తే లేదన్నది గమనించాలి. కమిషన్ కాదన్నంత మాత్రాన హక్కు చచ్చిపోదని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

1993 సెప్టెంబరు 28న మానవ హక్కుల రక్షణ ఆర్డినెన్సు వచ్చింది. అక్టోబరు 12న జాతీయ మానవ హక్కుల కమిషన్ ఏర్పడింది. 1994 జనవరిలో, 1993 పేరుతోనే, చట్టం తయారైంది. కమిషన్‌కు సాక్షులను పిలిపించడం, పత్రాలు తెప్పించడం వంటి సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చారు. చివర్లో మాత్రం సిఫారసు చేసే అధికారమే మిగిల్చారు. తన నివేదికను ప్రభుత్వానికి పంపి, సాధారణంగా నెలలోగా జవాబు అడుగుతుంది. అప్పీలు లేకపోవడానికి ఒక కారణం ఇక్కడే దొరుకుతుంది. సిఫారసే కదా, దాని మీద అప్పీలెందుకు అన్నట్టు చట్టం రాసినవాళ్లు వదిలేశారు. ఫిర్యాదుదారు వైపు నుంచి చూస్తే ఈ తర్కం నిలవదు. సిఫారసు వస్తే అమలు కాకపోవచ్చు గాని, కొట్టివేత మాత్రం ఆ క్షణంలోనే అమలైపోతుంది.

కొత్త కమిషన్ ముందు తొలినాళ్లలోనే నిలబడిన ముఖ్యమైన ఫిర్యాదుల్లో ఒకటి తెలుగు నేల నుంచే వెళ్లింది. ఎన్‌కౌంటర్ మరణాలపై ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ఇచ్చినదది. అప్పటి పద్ధతి ఏమిటంటే, కాల్పుల్లో మనిషి చనిపోగానే పోలీసులు చనిపోయినవాడి మీదే హత్యాయత్నం కేసు పెట్టేవారు. కాల్పులు జరిపిన స్టేషనువారే దర్యాప్తు చేసేవారు. నిందితుడు లేడు కాబట్టి కేసు ముగిసిందని ఫైలు మూసేవారు. చంపినవాళ్ల చర్యను ఎవరూ పరిశీలించకుండానే కథ అయిపోయేది. 1996 నవంబరు 5న జాతీయ కమిషన్ ఈ పద్ధతి చెల్లదని చెప్పింది. సొంత స్టేషను కాకుండా సీఐడీ వంటి వేరే సంస్థ దర్యాప్తు చేయాలంది. 1997 మార్చి 29న కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య ఇదే సంగతి అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ రాశారు. ఇక్కడి ఫిర్యాదు దేశమంతటికీ మార్గదర్శకం అయింది. ఆ ఫిర్యాదును గుమ్మంలోనే తిప్పి పంపి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

నాంపల్లిలో కమిషన్

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర కమిషన్ 2005లో పనిలోకి దిగింది. మద్రాసు, కేరళ హైకోర్టులకు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ బి. సుభాషణ్ రెడ్డి 2010 దాకా అధ్యక్షుడిగా ఉన్నారు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం ఎదుటి గృహకల్ప భవనాల్లో కార్యాలయం. ‘హెచ్చార్సీకి వెళ్తా’ అన్న మాట నగరంలో వాడుకలోకి వచ్చింది ఆ కాలంలోనే. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెలుగులో తెల్ల కాగితం మీద రాసిస్తే చాలు. 2011లో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా విరమించిన జస్టిస్ నిసార్ అహ్మద్ కక్రూ ఆ తర్వాత ఈ స్థానంలోకి వచ్చారు.

2014లో రాష్ట్రం విడిపోయింది. కమిషన్ విభజన మాత్రం సాగుతూ పోయింది. తెలంగాణకు సొంత కమిషన్ 2019 డిసెంబరులో జస్టిస్ జి. చంద్రయ్య అధ్యక్షతన వచ్చింది. ఆంధ్రప్రదేశ్ కమిషన్ 2021లో జస్టిస్ ఎం. సీతారామమూర్తి అధ్యక్షతన ఏర్పడి, కార్యాలయం కర్నూలుకు మారింది. అదే 2019 డిసెంబరులో, తెలంగాణ కమిషన్ ఇంకా కూర్చోకముందే, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ఒక అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జాతీయ కమిషన్ తనంతట తానే బృందాన్ని పంపింది. సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పుర్కర్ కమిషన్‌ను వేసింది. హక్కుల సంస్థ ఎప్పుడు ఉండాలో అప్పుడే రాష్ట్రంలో లేకపోయింది.

అదే సంవత్సరం చట్టసవరణ కమిషన్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. దాంతో 2022 డిసెంబరుకే తెలంగాణ కమిషన్ గడువు తీరింది. తర్వాత 2025 ఏప్రిల్‌లో జస్టిస్ షమీమ్ అక్తర్ బాధ్యతలు తీసుకునేదాకా, రెండేళ్లకు పైగా, ఉత్తర్వు ఇవ్వడానికి ఎవరూ లేరు. కమిషన్లలో ఖాళీలను మూడు నెలల్లో నింపాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 2015లోనే రాష్ట్రాలను ఆదేశించింది. కొట్టివేసిన ఫిర్యాదుకు కనీసం ఒక ఉత్తర్వైనా ఉంటుంది, దాన్ని పట్టుకుని హైకోర్టుకు వెళ్లొచ్చు. ఖాళీ కుర్చీ ముందున్న ఫిర్యాదుకు అదీ ఉండదు. ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద అన్యాయం ఇదే. దీనికి అన్ని ప్రభుత్వాలూ బాధ్యులే.

ఎందుకు కొట్టేస్తారు

జాతీయ కమిషన్ నిబంధనల్లో తీసుకోకూడని ఫిర్యాదుల జాబితా ఉంది. చదవడానికి వీల్లేనివి, పేరూ ఊరూ లేనివి, అల్పమైనవి, ఆస్తి తగాదాలు, ఉద్యోగ సర్వీసు వివాదాలు, కార్మిక వివాదాలు, కోర్టులో నడుస్తున్నవి, ఇంకెవరికో రాసి నకలు మాత్రం పంపినవి. రాష్ట్ర కమిషన్లూ దాదాపు ఇదే దారిలో నడుస్తాయి. అన్నిటికంటే పదునైన కత్తి 36వ సెక్షన్. ఘటన జరిగి ఏడాది దాటితే విచారించే అధికారమే లేదు. సీబీఐ అధికారులపై వచ్చిన ఫిర్యాదులో జాతీయ కమిషన్ ఈ గడువును పక్కన పెడితే, ఎన్.సి. ధౌండియాల్ కేసులో 2003 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. పంజాబ్‌లో పోలీసులు మృతదేహాలను రహస్యంగా దహనం చేశారన్న, సుప్రీంకోర్టే అప్పగించిన కేసు వేరు, అందులో కమిషన్ కోర్టు ఆదేశం మీద పనిచేసింది కాబట్టి ఆ గడువు అడ్డురాలేదు.

ఇక అధికార పరిధి. చిలకలగూడ వైపు నుంచి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. రైల్వే క్వార్టర్లు, దగ్గరలోనే దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం రైల్ నిలయం, కాస్త దూరంలో సికింద్రాబాద్ స్టేషను. ఆ స్టేషను ప్లాట్‌ఫారం మీద ఒక కూలీని ఎవరో పట్టుకుపోయి కొట్టారనుకుందాం. కొట్టినవాళ్లు ప్రభుత్వ రైల్వే పోలీసులైతే వాళ్లు రాష్ట్ర పోలీసులు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు రాష్ట్ర జాబితాలో పోలీసు అంశం పక్కనే రైల్వే పోలీసు కూడా ఉందని రాసి ఉంది. ఫిర్యాదు రాష్ట్ర కమిషన్‌కు చెల్లుతుంది. కొట్టినవాళ్లు రైల్వే రక్షణ దళం వాళ్లైతే, అది కేంద్ర దళం, రైల్వేలు కేంద్ర జాబితాలోవి. రాష్ట్ర కమిషన్ రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అంశాలనే విచారించాలని 21వ సెక్షన్ చెబుతోంది, కాబట్టి ఢిల్లీకి రాయాలి. దెబ్బలు తిన్నవాడికి రెండు యూనిఫాంల తేడా తెలియకపోవచ్చు. తెలియక నాంపల్లిలో ఇచ్చిన ఫిర్యాదు పరిధి లేదన్న కారణంతో మూతపడితే, ఏడాది గడువు మాత్రం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. రైల్వే ఉద్యోగి తన బదిలీ గురించో ప్రమోషన్ గురించో రాస్తే అది ఏ కమిషన్‌కూ చెందదు, కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్ హైదరాబాద్ బెంచికి వెళ్లాలి. చిలకలగూడ వీధుల్లో నల్లా నీళ్లు, మురుగు, వీధి దీపాల బాధ్యులు మాత్రం రాష్ట్ర పరిధిలోని సంస్థలే.

ఇక్కడే ఒక అపోహ కూడా బలంగా ఉంది. రాష్ట్ర కమిషన్ కాదంటే జాతీయ కమిషన్ పై కోర్టులా వింటుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. రెండూ వేర్వేరు సంస్థలు, ఒకటి ఇంకొకదానికి పైది కాదు. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ ముట్టుకోకూడదని 36వ సెక్షన్ అంటోంది. 2006 సవరణ తర్వాత జాతీయ కమిషన్ తనకు వచ్చిన ఫిర్యాదును రాష్ట్రానికి పంపగలదు, అంతే. ఐక్యరాజ్యసమితి దారీ మూసే ఉంది. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979లో చేరింది గాని, వ్యక్తులు నేరుగా జెనీవాకు ఫిర్యాదు చేసుకునే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో చేరలేదు.

హైకోర్టులో

మూసీ ఒడ్డున విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన భవనంలోని హైకోర్టు 2019 జనవరి 1 నుంచి తెలంగాణ హైకోర్టుగా ఉంది. కమిషన్ కొట్టివేసిన ఫిర్యాదు ఇక్కడికి రిట్‌గా వస్తుంది. కోర్టు సాక్ష్యాలను మళ్లీ మొదటి నుంచి తూచదు. కమిషన్ తన పరిధిని సరిగా చదువుకుందా, ఫిర్యాదుదారు మాట విందా, కారణాలు రాసిందా అన్నవి చూస్తుంది. లోపం కనిపిస్తే ఉత్తర్వు కొట్టేసి మళ్లీ విచారించమని కమిషన్‌కే పంపుతుంది.

కారణాలు రాయడం ఎంత ముఖ్యమో ఒక ఉత్తర్వును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పోలీసులపై ఫిర్యాదు వస్తే కమిషన్ చాలాసార్లు పోలీసు శాఖ నుంచే నివేదిక తెప్పిస్తుంది. 17వ సెక్షన్ అందుకు వీలిచ్చింది. ఆరోపణలు నిరాధారమని నివేదిక వస్తుంది. ‘నివేదిక చూశాం, తదుపరి చర్య అవసరం లేదు, ముగించడమైనది’ అన్న పొడి ఉత్తర్వు వెలువడితే, ఫిర్యాదుదారు దేన్ని ఖండించాలి? ఆ నివేదిక నకలు తనకిచ్చారా, జవాబు చెప్పుకోనిచ్చారా అన్నదే రిట్‌లో అసలు ప్రశ్న అవుతుంది. న్యాయనిర్ణయం చేసే సంస్థలు కారణాలు రాయకుండా ఉత్తర్వులివ్వకూడదని క్రాంతి అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు 2010లో వివరంగా చెప్పింది. రాష్ట్ర కమిషన్ సిఫారసులకు ప్రభుత్వం కట్టుబడాలని మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి 2021 ఫిబ్రవరిలో తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తెలంగాణకు శిరోధార్యం కాకపోయినా, ఇక్కడి వాదనకు బలాన్నిస్తుంది. సిఫారసుకు అంత విలువ ఉంటే కొట్టివేతకూ అంతే బాధ్యత ఉండాలి.

ఏకసభ్య ధర్మాసనం కాదంటే, లెటర్స్ పేటెంట్ 15వ క్లాజు కింద ఇద్దరు న్యాయమూర్తుల ముందు ముప్పై రోజుల్లో రిట్ అప్పీలు వేయవచ్చు. ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనమే తేల్చితే ఆపై సుప్రీంకోర్టు ఉంది. కాగితం మీద దారి బాగానే ఉంది. నడిచేవాళ్లకే కష్టం. తెలుగులో చేతిరాతతో, ఖర్చు లేకుండా మొదలైన ఫిర్యాదు హైకోర్టు మెట్లెక్కేసరికి ఇంగ్లిషు అఫిడవిట్‌గా, వకీలు ఫీజుగా మారిపోతుంది. కమిషన్‌లోనే, తెలుగులోనే, ఇంకో ఇద్దరు సభ్యులు ముప్పై రోజుల్లో మళ్లీ చూసే ఏర్పాటు ఉంటే ఈ రిట్లలో చాలా వాటికి అవసరమే ఉండదు. అందుకు చట్టసవరణ కావాలి. అది తేవలసింది పార్లమెంటు.

హైకోర్టు ఒక్కటే దారి కూడా కాదు. జరిగింది నేరమైతే కమిషన్ కొట్టివేతతో పని లేకుండా మేజిస్ట్రేటు కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేయవచ్చు.

ఫిర్యాదు మూసేశారని తెలిసిన రోజే ఉత్తర్వు ధ్రువీకృత నకలు, పోలీసులు ఇచ్చిన నివేదిక నకలు రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. రిట్‌కు చట్టం గడువు పెట్టలేదు గాని, ఇంతకాలం ఎందుకు ఊరుకున్నారని కోర్టు తప్పక అడుగుతుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు, కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, తక్కువ ఆదాయం ఉన్నవారు 1987 నాటి న్యాయసేవల చట్టం కింద హైకోర్టు న్యాయసేవల కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే వకీలును ప్రభుత్వ ఖర్చుతోనే ఇస్తారు.