ఉద్దానం విద్యార్థి కిడ్నీ డాక్టర్‌ కావాలంటే.. ఏది ముందు, ఏది తర్వాత?

కిడ్నీ జబ్బులతో సతమతమవుతున్న ఉద్దానం కోసం పలాసలో 200 పడకల ప్రత్యేక ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. అలాంటి చోట నెఫ్రాలజిస్టుగా చేరాలంటే దారి పదో తరగతి కాగానే మొదలవుతుంది.

ముందు ఇంటర్‌ బైపీసీ, ఆ తర్వాత నీట్‌. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్‌. ఆపై నీట్‌ పీజీ రాసి 3 ఏళ్ల ఎండీ జనరల్‌ మెడిసిన్‌ లేదా పీడియాట్రిక్స్‌. చివరగా నీట్‌ ఎస్‌ఎస్‌తో 3 ఏళ్ల డీఎం నెఫ్రాలజీ. అంటే ఇంటర్‌ తర్వాత కనీసం పదకొండున్నరేళ్లు.

అన్నేళ్లు చదివే వీలు లేదా? బీఎస్సీ నర్సింగ్‌ 4 ఏళ్లే. దానికీ ఇంటర్‌లో ఫిజిక్స్‌, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి.

ఇప్పటికే ఎంపీసీ చదివారా? ఇంటర్‌ అయ్యాక గుర్తింపు పొందిన బోర్డులో బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైనా నీట్‌కు అర్హులేనని జాతీయ వైద్య కమిషన్‌ 2023లో స్పష్టం చేసింది. అయితే కొంత సమయం పోతుంది. అందుకే కాలేజీలో చేరేముందే గ్రూపు తేల్చుకోండి.